చెల్లెలి గది మీద మోత

ఆ… హలో, నేనేనమ్మా, అన్నయ్యని… నిద్ర లేపానా?… లేదా? మరి ఎక్కడున్నావే?… కాదు, నేను నీ ఇంట్లోనే నిలబడి మాట్లాడుతున్నా.

భయపడకు, ఏం కాలేదు. గోడకి చెమ్మ పట్టిందని కింది ఫ్లాట్ టీచరమ్మ గోల పెడితే ప్లంబర్ని తీసుకొచ్చా… తలుపు కొట్టాం, పలకలేదు. ఈ వారం డబుల్ డ్యూటీ అన్నావుగా, రాత్రంతా చేసొచ్చి ఒళ్ళు మరిచి పడుకున్నావేమో అనుకున్నా… ఆ, మా దగ్గరున్న తాళంచెవితోనే… బాత్రూంలో కుళాయి బిగింపు వదులైంది, అంతే. అతను సరిచేసి వెళ్ళిపోయాడు.

నేనే… వెళ్ళలేకపోయాను.

చిట్టీ, వంటింట్లో పరుపేమిటి?

… గ్యాస్ బండ పక్కన! కాళ్ళు చాపుకునే చోటు కూడా లేదక్కడ… ఉక్కపోతా? ఉక్కపోస్తే కిటికీ ఉన్న గది వదిలేసి పొయ్యి పక్కన పడుకుంటారా ఎవరైనా?… అబద్ధం నీకు చేతకాదు, ఊరుకో.

చూశాలే. పడగ్గదిలోకీ వెళ్ళా. కిటికీ సందుల్లో దూది కుక్కావు. అలమరలో గాజు గ్లాసులు మోగకుండా మధ్యన అట్టముక్కలు దోపావు… కాసేపు మంచం మీద కూర్చున్నా. తర్వాత పడుకున్నా, నీలాగే, కళ్ళు మూసుకుని.

ఉండు, ఫోన్ గోడకి ఆనిస్తా—

విన్నావా?… అవును, రోజూ వినేదానికి నేను వినిపించడమేమిటి. నాకే బుద్ధి లేదు.

చెవికి పెద్దగా తెలియదే అది. గోడలోంచి మంచంలోకి, మంచంలోంచి పళ్ళలోకి పాకింది. కాసేపు కూడా ఉండలేక లేచి కూర్చున్నా…

వద్దు, నన్ను వెనకేసుకు రాకు. ‘అందరికీ వేడినీళ్ళు వస్తున్నాయిగా’ అంటే?… వస్తున్నాయి. ఇంటింటా గీజర్లు పీకించేసి, మేడమీద ఒక్క హీట్ పంప్ పెట్టించి, బిల్డింగంతటికీ నీళ్ళు కాచి పోస్తున్న మొనగాణ్ణి కదా! గాల్లో వేడిని లాగి నీళ్ళకిస్తుంది, కరెంటు సగం కూడా కాలదు అని ఉపన్యాసం ఇచ్చా. అసోసియేషన్ మీటింగులో చప్పట్లే చప్పట్లు… నువ్వూ కొట్టావు, చూశాను.

మధ్యాహ్నం గాలి వేడిగా ఉంటుంది, అప్పుడు నడిస్తే ఇంకా కలిసొస్తుందని టైమర్ పెట్టిందీ నేనే. పట్టపగలు ఈ బిల్డింగ్‌లో పడుకునేదెవరులే అనుకున్నా… నా సొంత చెల్లెలు. గుర్తే రాలేదు చిట్టీ.

… ఏమిటి? మళ్ళీ చెప్పు… పసిపిల్లల వార్డు నుంచి తీసేశారా? ఎందుకని?… కునుకు పట్టిందా… పాపకి ఏమైనా— … హమ్మయ్య. ఎవరు చూశారు?… హెడ్ నర్సా… మరి ఇప్పుడు రాత్రిళ్ళు ఎక్కడ?

… దుప్పట్ల స్టోరా.

పసికందు ఏడుపు విని, అది ఆకలో, కడుపునొప్పో చెప్పేసేదానివి. నిన్ను తీసుకెళ్ళి దుప్పట్లు మడతపెట్టమన్నారా!

మరి నాతో ఒక్క మాట అనలేదేమే? ఒక్క మాట అంటే— … ఊఁ… ఊఁ…

ఆపు. మీ ఆయన వదిలేసి పోయినప్పుడు నిన్ను ఈ బిల్డింగ్‌కి తెచ్చింది నేనే అయితే మాత్రం, అందుకు నోరు కుట్టేసుకోమన్నానా?… అనలేదు కదా?… అనకపోయినా నీకలా అనిపించిందంటే… సరే. అదీ నా తప్పే.

ఇంకో సంగతుంది. చెప్పడానికి మొహం చెల్లడం లేదు… మిషను ఎక్కడ పెట్టాలో ఇంజనీరు మేడమీద రెండు చోట్ల సుద్దముక్కతో గీశాడు. ఎక్కడైనా ఒకటే అన్నాడు. ఒకటి నీ గది మీద. రెండోది—

… తెలుసా?

ఎలా తెలుసు?… బట్టలారేస్తున్నావా ఆ రోజు… మా పడగ్గది మీదున్న గీతని నేను చెప్పుతో చెరిపేస్తుంటే, దుప్పటి వెనకాల ఉన్నావా?

… మీ వదినని అనకు, పాపం తనకేం తెలియదు. అంతా నేనే. ఇంజనీరు అన్నాడు కూడా, ఆ ఇంటివాళ్ళని ఓ మాట అడగండి సార్ అని. మా చెల్లెలేనయ్యా, ఏమీ అనదు అన్నా… అదీ విన్నావా.

…

చిట్టీ, విను.

వద్దంటావని భయపడి అడగలేదనుకుంటున్నావేమో. కాదే. సరే అంటావని తెలుసు. తెలిసే అడగలేదు… ఊఁ. అదే నన్ను తినేస్తోంది.

ఉండు, ఫోన్ పెట్టకు, మెట్లెక్కుతున్నా… లేదు, ఆయాసం కాదు… ఇదిగో, ఆపేశా. ఆగిపోయింది. విను… ఏమీ లేదు కదా? పావురాలే.

… లేదు, చన్నీళ్ళు పోసుకోవాల్సిన ఖర్మ ఎవరికీ పట్టదు. చీకటి పడ్డాక, నువ్వు డ్యూటీకెళ్ళాక నడిపిస్తా. కరెంటు ఎక్కువ కాలితే కాలనీ, మీటింగులో నన్నే తిట్టనీ. నువ్వు ఇంటికొచ్చెయ్. నీ మంచం మీద హాయిగా పడుకుందువుగాని…

రావా?

… ఏ హాస్టలు?… ఎప్పుడు చేరావు?… ఈ వారం రోజులూ డబుల్ డ్యూటీ అన్నావు, అదంతా— … ఓహో.

ఈ మిషను వల్లే కదా?… కాదా? మరి?

… పక్కగది పిల్ల పాటలు పెడుతోందా పట్టపగలు?… పెడితే?… వెళ్ళి తలుపు బాదావా? నువ్వా!… ఏమని తిట్టావు?… అబ్బో!… తగ్గించిందా!

… అక్కడ నిన్నెవరూ ఉద్ధరించలేదు కాబట్టి నోరు లేస్తోందంటావు… అర్థమైంది. లేదు, అర్థమైంది తల్లీ.

అయినా మిషను జరిపిస్తా. నువ్వు రాకపోతేనేం, రేపు ఆ గదిలో ఇంకెవరో పడుకుంటారుగా… ఎక్కడికేమిటి, మా పడగ్గది మీదికే… నవ్వకే! మీ వదినకి ఇంకా చెప్పలేదు… ఆ, అదొక గండం ఉంది నాకు.

చిట్టీ… ఆదివారం ఓసారి వచ్చి నీ గది చూసి వెళ్ళనా? ఫ్యానూ అదీ సరిగ్గా ఉందో లేదో—

… వద్దా.

… లేదమ్మా, నొచ్చుకోలేదు. నిజంగానే. నీకెప్పుడు రమ్మనాలనిపిస్తే అప్పుడే వస్తా… పిలవకపోయినా సరే.

ఇంక పడుకో. ఫోన్ నువ్వే పెట్టెయ్… నువ్వే పెట్టెయ్ తల్లీ, నా వల్ల కాదు…