‘ఇందులో మీరున్నారా?’ అని అడిగిన మేడమ్

1988వ సంవత్సరం జూన్ ఇరవై ఏడవ తేదీ, సోమవారం ఉదయం మా ఉన్నత విద్యా మండలి కార్యాలయంలో గణాంక సహాయకులుగా చేరిన ఒక యువతి, నేడు ప్రణాళికా విభాగ సంచాలకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభసందర్భంలో వెలువడుతున్న అభినందన సంచికకు నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. వారిని మేమెవ్వరమూ పేరు పెట్టి పిలిచి ఎరగము. పై అంతస్తులోని అధ్యక్షుల నుంచి గేటు దగ్గరి కాపలాదారు వరకు అందరికీ వారు ‘మేడమ్’. టైపిస్టుగా వారి విభాగంలో చేరి, సెక్షన్ అధికారిగా వారి పక్క గదిలో కూర్చునేదాకా ఎదిగినవాణ్ణి నేను. నా పొగడ్త కాస్త ఎక్కువైతే పాఠకులు మన్నించాలి. తక్కువైతే మాత్రం మన్నించనక్కరలేదు.

ఆ రోజుల్లో విభాగమంటే రెండు గదులు, నాలుగు ఇనుప బీరువాలు, గాలి కన్నా చప్పుడే ఎక్కువ ఇచ్చే ఒక ఫ్యాను. ప్రభుత్వ కళాశాలల నుంచి విద్యార్థుల సంఖ్యలు ఆలస్యంగా వచ్చేవి. కొన్నిచోట్ల కిందటేడు సంఖ్యలే కొత్త తేదీ వేసుకుని వచ్చేవని పెద్దలు నవ్వుతూ చెప్పుకునేవారు. మేడమ్ మాత్రం నవ్వి ఊరుకోక, ప్రవేశాల కాలంలో బస్సెక్కి ఒక్కొక్క కళాశాలకూ వెళ్ళి, ఫీజు కౌంటరు పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారట. తనిఖీ అనుకుని ప్రిన్సిపాళ్ళు హడావిడిగా టీ తెప్పిస్తే, “తనిఖీకి రాలేదండీ, వరుసలో నిలబడి వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళెవరో చూడ్డానికొచ్చాను” అనేవారట. చేరినవారి లెక్క అందరూ రాస్తారు. తిరిగి వెళ్ళినవారి లెక్క వారు అడిగేదాకా ఎవరూ అడగలేదు.

ఉపసంచాలకులైన తరువాత వారు మా విభాగంలో ఒక ఆచారం ప్రవేశపెట్టారు. ఏ ముసాయిదా అయినా పై అంతస్తుకు వెళ్ళేముందు, గదిలో ఉన్నవారందరి ఎదుటా బిగ్గరగా చదవాలి. అధికారి, గుమస్తా, డ్రైవరు, అటెండరు, ఎవరుంటే వారే శ్రోతలు. చదవడం ముగిశాక మేడమ్ ఒక్కొక్కరినీ అడిగేవారు: “ఇందులో మీరున్నారా?” ఈ పద్ధతి వల్ల ఫైళ్ళు ఆలస్యమయ్యేవి, టీలు చల్లారేవి, మేము విసుక్కునేవాళ్ళం. మా డ్రైవరు ఒకసారి, “మేడమ్, ఇది కిటికీలకు రంగులేయించే కాగితమండీ. ఇందులో నన్నెక్కడ వెతుక్కోమంటారు?” అన్నాడు. “ఎండపూట కారులో కూర్చునేది నువ్వేగా. షెడ్డుకు కూడా కలిపి రాద్దామా?” అన్నారు మేడమ్. అలా వచ్చిందే ఇప్పటి మా కారుషెడ్డు.

ఇక, వారి ఉద్యోగజీవితానికి తలమానికమనదగిన ఘట్టానికి వస్తాను. వారు చేరిన పదిహేడేళ్ళకు, రాష్ట్రమంతటికీ కలిపి ఉన్నత విద్యలో ఒక లక్ష్యం నిర్ణయించాలని ప్రభుత్వం తలపెట్టింది. ఏటా ఎంతమంది కళాశాలలో చేరుతున్నారన్నది కాక, నిర్ణీత గడువు నాటికి ఎంతమంది చేతిలో డిగ్రీయో, డిప్లొమాయో, వృత్తి ధ్రువపత్రమో ఉండాలన్నది ఆ లక్ష్యం. నిపుణుల సంఘం ముసాయిదా పంపింది. లక్ష్యం పద్దెనిమిది నుంచి ఇరవై మూడేళ్ళ యువతకే పరిమితం. పదో పేజీలో ఇంకొక్క వాక్యం: లక్ష్యసాధనకు దోహదపడని సాయంకాల కళాశాలలను రెండేళ్ళలో దశలవారీగా మూసివేయాలి.

పై అంతస్తుకు పంపే ప్రతుల కోసం ఆ పేజీ టైపు చేసింది నేనే. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. నాన్నగారు మంచాన పడడంతో కుర్రతనంలో ఆగిపోయిన డిగ్రీని సాయంకాల కళాశాలలో మళ్ళీ మొదలుపెట్టి, రెండో సంవత్సరంలో ఉన్నాను. ఈ వయసులో పుస్తకాల సంచీ ఏమిటని నవ్వుతారేమోనన్న బిడియంతో ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. అయిదున్నరకల్లా లేచిపోతుంటే ట్యూషన్లు చెబుతున్నాననుకునేవారు. డిగ్రీ లేనిదే నాకు ప్రమోషన్ లేదు. ఆ కళాశాల మూతపడితే పగటిపూట చదివే వెసులుబాటు నాకు ఈ జన్మకు లేదు.

ఆచారం ప్రకారం ముసాయిదా చదివారు. డ్రైవరు, “మా అబ్బాయున్నాడండీ, నేను లేను” అన్నాడు. నా వంతు వచ్చింది.

“లేనండి” అన్నాను.

“ఎందుకు లేరు?”

“నాకు ముప్పై రెండండి. సాయంకాలం కాలేజీలో చదువుతున్నాను. పదో పేజీలో మూసేస్తున్నది మా కాలేజీనేనండి.”

“మరి టైపు చేసేటప్పుడు చెప్పొచ్చుగా?”

“టైపిస్టు టైపు చేయాలి గానీ అభిప్రాయాలు చెప్పకూడదు కదండీ.”

మేడమ్ లేచారు. ప్రతులు నా చేత పట్టించుకుని పై అంతస్తుకు నడిచారు. అధ్యక్షులు చెడ్డవారు కారు, లెక్క తెలిసినవారు. “పెద్దవాళ్ళందర్నీ కలిపితే మన అంకె ఎంత కిందికి పడిపోతుందో ఆలోచించావా అమ్మా? పత్రికలవాళ్ళు ఏకిపారేస్తారు” అన్నారు.

“ఇప్పుడు తక్కువ కనపడితేనే కదా సార్, పెరగడానికి చోటుండేది.”

“ముప్పై దాటినవాళ్ళు కాలేజీకొస్తారంటావా?”

“ఒకాయన ప్రతులు పట్టుకుని మీ ఎదురుగానే నిలబడ్డారు సార్.”

అధ్యక్షులు నన్ను ఎగాదిగా చూశారు గానీ ఒప్పుకోలేదు. “సోమవారం చూద్దాం” అన్నారు. లేస్తూ లేస్తూ మేడమ్ ఒక్కటే కోరారు: “ఈలోగా ఇంట్లో ఒకసారి చదివి వినిపించండి సార్. ఇందులో మీరున్నారా అని అడగండి. అంతే.”

ఇంటికి వెళ్ళి మా ఆవిడతో, మన కాలేజీ పని అయిపోయినట్టేనన్నాను. “మూసినప్పుడు చూద్దాం. ఇవాళ క్లాసుందిగా, బయల్దేరండి” అని సంచీ చేతికిచ్చింది.

సోమవారం అధ్యక్షులే కిందికి దిగి మా గదికి వచ్చారు. “మా పెద్దక్కయ్యకు చదివానమ్మా. నన్ను చదివించడానికి తన చదువు మానేసిన మనిషి. అంతా విని, ‘ఏరా, మరి నేనేమయ్యానురా?’ అంది. మార్చి రాసుకురండి” అన్నారు.

అలా మారిన లక్ష్యమే నేటికీ అమలులో ఉన్నది: ఇరవై అయిదు నుంచి అరవై నాలుగేళ్ళలోపు ప్రతి పదిమందిలో ఆరుగురికి పాఠశాల చదువుకు మించిన ఏదో ఒక అర్హత ఉండాలి. మొదటి అంకె వెలువడినప్పుడు పత్రికలు అధ్యక్షులు భయపడినంతా చేశాయి. సాయంకాల కళాశాలలు మాత్రం మూతపడలేదు, ఇంకా పెరిగాయి. నా పట్టా పుచ్చుకున్న నాడు మేడమ్ సభలో వెనక వరుసలో కూర్చున్నారు. ఈ వ్యాసం కింద నా పేరు పక్కన ఉండే హోదా వారు పెట్టిన భిక్ష అని రాస్తే వారు కొట్టేస్తారు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే అది నిజం.

లక్ష్యం నెరవేరిందా అని మీరడగవచ్చు. లేదు, ఇంకా దూరముంది. కిందటేడు సమీక్షలో ఒక కొత్త అధికారి సదుద్దేశంతోనే, నలభై అయిదు దాటినవారిని లెక్కలోంచి తీసేస్తే మేడమ్ విరమణ నాటికి లక్ష్యం అందుతుందనీ, వారికి అదే చక్కని కానుక అవుతుందనీ సూచించారు. “నాకు కానుకివ్వడానికి వాళ్ళందర్నీ బయటికి పంపుతావా నాయనా? లక్ష్యం చేరలేదని రాయి. చేరేదాకా నువ్వుంటావుగా” అన్నారు మేడమ్.

ఈ వ్యాసాన్ని ఇక్కడితో ముగించి, మా ఆచారం ప్రకారం నిన్న వారి ఎదుటనే బిగ్గరగా చదివాను. చదివి, ఇంతకాలం వారు నన్నడిగిన మాటనే వారిని అడిగాను: “ఇందులో మీరున్నారా మేడమ్?”

“నేను కావలసినదానికన్నా ఎక్కువే ఉన్నాను. మా ఆయన ఏరీ?” అన్నారు.

సిగ్గుపడ్డాను. మేడమ్ గారి భర్తకు బజారులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. మాకందరికీ వారు ‘అద్దాల అన్నయ్యగారు’. మేడమ్ కళాశాలల చుట్టూ తిరిగిన కాలంలో పిల్లలకు జడలు వేసి బడికి పంపింది వారు. అంతేకాదు, సాయంకాల కళాశాలలో సగం మంది చదువు మానేది పాఠం అర్థంకాక కాదని, అక్షరం కనపడకనని మొదట కనిపెట్టింది వారే. ప్రవేశాల కాలంలో పెట్టెతో వచ్చి, తరగతి గది గుమ్మంలోనే నిలబెట్టి మా అందరి చూపూ పరీక్షించేవారు. నా చదువు సంగతి బయటపడ్డ మరుసటేడు, నా మొదటి కళ్ళజోడు ముక్కు మీద పెట్టి, “ఇప్పుడు బోర్డు చదువు తమ్ముడూ” అన్నది ఆయనే. ఆ కళ్ళజోడుతో పరీక్షలు రాసి పాసైనవాణ్ణి, నాలుగు పేజీల వ్యాసంలో ఆయన్నే వదిలేశాను.

కనుక ఈ శుభాకాంక్షలు ఇద్దరికీ. మేడమ్, అద్దాల అన్నయ్యగారు సంపూర్ణ ఆరోగ్యంతో, చల్లని చూపుతో నిండు నూరేళ్ళు జీవించాలనీ, పిల్లల మధ్య, మనవల మధ్య తీరికగా టీ వేడివేడిగా తాగాలనీ మనసారా కోరుకుంటున్నాము. ఈ కోరికలో ఎవరెవరున్నారని మేడమ్ అడుగుతారు గనుక ముందే చెబుతున్నాను. గేటు కాపలాదారు ఉన్నాడు, డ్రైవరున్నాడు, ‘చేరలేదు’ అని రాసిన కొత్త అధికారి ఉన్నాడు. అధ్యక్షుల వారి పెద్దక్కయ్య ఉన్నారు. అరవైలో డిప్లొమా పుచ్చుకున్నందున కాస్త దర్జాగానే ఉన్నారు. నేనూ ఉన్నాను మేడమ్.