కనుమకి ఇటుదీ అటుదీ

అప్పుడే బూట్లు ఎక్కించేస్తున్నారేం హోసాకా గారూ? మా అత్త సత్రంలో రెండు వసంతాలు నా చేతి వంట తిన్నారు, గుమ్మంలో కాసేపు కూర్చుంటే అరిగిపోతారా? కూర్చోండి. రైలుకింకా టైముంది.

అబ్బ, ఎంత బాగా చెప్పేవారండీ! ససాయామా మడిగట్టు మీద ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, ఇమోరిని, అదే ఆ ఎర్రపొట్ట నీటిబల్లిని, అరచేతిలో వెల్లకిలా తిప్పి, “చూడు నుయీ, ఈ నల్లమచ్చలు చూడు” అనేవారు. నేను మచ్చలు చూశాననుకున్నారా? మీ వేళ్ళు చూశాను.

అందుకే నిరుడు మీరు ఇమోరీల్ని పట్టి దాచుకునే జాడీల్లోంచి ఓ జంటని కాజేశాను. వెదురుగొట్టంలో కణుపుకి ఇటు మగది, అటు ఆడది. అలా పెట్టి కాలుస్తాం. ఒకదాని కోసం ఒకటి తపించి కణుపునే తొలిచేస్తాయట. ఆ మసి సాకే సారాలో కలిపి తాగిస్తే, తాగినవాడు మనవాడే! చెర్రీపూల రోజు మీరు గుటకేసి “చేదుగా ఉందే” అన్నారు చూడండి, అదే. ఛీ, ఇప్పుడు ఉమ్మితే ఏం లాభం?

అప్పట్నుంచీ ఎదురుచూశాను. పిచ్చిదాన్ని.

నిన్న భోజనాల దగ్గర అత్తతో ఏమన్నారు? కొండ కనుమకి ఇటు ఇమోరీలు ఒక తెగ, అటువి ఇంకో తెగ, చూపుకి ఒకటే, కానీ అటు మగది ఎంత తోక ఊపినా ఇటు ఆడది కన్నెత్తి చూడదు, అని. ఆ నోటితోనే, ఈ జాడీలు చూసి మెచ్చితే మా ప్రొఫెసర్ గారు కూతుర్నిస్తారు, అని.

అప్పుడర్థమైంది నాకు. నేను మగదాన్ని తీసింది అటువాటి జాడీలోంచి, ఆడదాన్ని ఇటువాటి జాడీలోంచి! కణుపు తొలవడమా? రెండూ చెరో పక్కకి తిరిగి కాలి చచ్చుంటాయి.

నవ్వొస్తోందా? నవ్వండి, నవ్వండి.

అన్నట్టు, మీ ఇమోరీల్లో ఒక్కటీ చావలేదు లెండి. పొద్దున అన్నిటినీ స్నానాలతొట్టిలో కుమ్మరించి, చేత్తో బాగా కలిపి, మళ్ళీ జాడీల్లో నింపాను. మీరంటించిన చీటీలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అదేమిటి, నవ్వు ఆగిపోయిందే! మామగారి ముందు మూతలు తీసి చెప్పండి మరి, ఏది ఇటుదో, ఏది అటుదో.

నా కళ్ళా? ఇమోరీల ఒంటి మీద విషం ఉంటుందని మీరేగా చెప్పారు. చెయ్యి తగిలి మండుతున్నాయి. అంతే.