గుమ్మడికాయ వేలం

తల అడ్డంగా ఊపకు రా! ఊపితే జావ ముక్కులోకెల్లిపోద్ది, నీకు దగ్గొస్తాది, అప్పుడు మీ వసంత కుళాయి కాడ్నించి నీళ్లట్టుకుని వొచ్చి నన్నే తిడతాది. "ఇన్నేళ్లు రైల్వే ఆస్పత్రిలో ఆయాగా సేసినావు, మా ఆయనకి గ్లాసుడు జావ పట్టలేవా ఆలిస్ అత్తా" అంటాది. నాకు కావాలా ఆ మాట?

స్ట్రా ఇటు పక్కకి పెట్టుకో. ఆ, అలగ. దవడకి తీగలు కట్టినాక మాటాడకూడదన్నాడు గాని, కనుబొమ్మలు ఎగరెయ్యొద్దని డాక్టరు సెప్పలేదు. ఎగరేసుకో. నాకర్థమైపోద్ది.

నిజం సెప్పనా నూకరాజూ? నీ దవడ ఇరిగిన కాడ్నించి నీతో కబుర్లు ఎంత సుకంగా ఉన్నాయో! ఇదివరకు నీ టోటో రిక్షా ఎక్కితే దిగేదాకా నువ్వే వాగేవోడివి. బ్యాటరీ అయిపోయినా నీ నోరు ఆగేది కాదు. ఇప్పుడు నా వంతు.

అలగ సూడకు. నవ్వించడానికన్నాను.

ఊరంతా ఏటనుకుంటన్నారో తెలుసా? ఆలిస్ వీడియో తీసింది, అందికే పోలీసులు పట్టుకెల్లినారు అని. కాదురా! వీడియో ఈ రోజుల్లో ఎవులు తియ్యరు? పిల్లి తుమ్మినా తీస్తారు. నన్ను పట్టుకెల్లింది దానికి కాదు.

పూరీ గేటు కాడ ఆ రోజు నీ టోటో రోడ్డుకి అడ్డంగా ఉందని ఆ కానిస్టేబులు లాఠీ ఎత్తినాడా, నేను ఫోను ఎత్తినానా. అక్కడిదాకా బాగానే ఉంది. లాఠీ ఫెళ్లుమని నీ బండి అద్దం మీద పడింది. నా నోట్లోంచి "ఒకటోసారీ!" అని వొచ్చేసింది.

ఏం సెయ్యను మరి? మా చర్చిలో కోతపండక్కి వేలం పాడించేది నేనే కదేటి. కోడిపెట్టలు, అరిటిగెలలు, కేకులు, అన్నీ నా గొంతు మీదే అమ్ముడుపోతాయి. బల్ల మీద కర్ర పడిందంటే నా నోరు ఊరుకోదు. రెండోది నీ వీపు మీద పడింది. "రెండోసారీ!" అన్నాను. జామపళ్లమ్మే దాదా నవ్వినాడు, టోటో స్టాండంతా నవ్వింది. ఆ నవ్వుకి ఆడికి కాలిపోయింది. కొట్టినా పడతారు గాని, నవ్వితే ఊరుకుంటారేటి పోలీసోళ్లు?

మూడోది నీ దవడ మీద పడింది.

అప్పుడు నేనేం అనలేదు రా. ఇని సూడు కావాలంటే. వీడియోలో అక్కడ నా గొంతు ఉండదు. ఉత్త ఊపిరే ఉంటాది.

సరే, తాగు. ఆడు ఫోను లాక్కునే లోపు నా బొటనవేలు దాని పని అది సేసేసింది. వీడియో మా చర్చి స్త్రీల సమాజం గ్రూపులో పడిపోయింది. పోలీసోళ్లు ఫోను తీసుకెల్లి అలమారాలో పెట్టి తాళమేసుకున్నారు పాపం. స్త్రీల సమాజంలో పడిన మాట ఎవడి తరమాపడం? సాయంత్రానికి వాల్తేరులో మా వొదిన ఫోను సేసి, "నీ గొంతు బాగా వినపడిందే" అన్నాది.

ఇక కేసులు. నా మీదేమో సర్కారు పనికి అడ్డం తగిలినానని. నీ మీద ఇనపరాడ్డుతో పోలీసుని కొట్టబోయినావని. నీ సేతిలో ఏటున్నాది రా? బండెక్కినోళ్లకి తిరిగివ్వాల్సిన సిల్లర. అది వీడియోలో కనపడతాది. అందికే ఆ వీడియో నిలబడాలి. అది అబద్ధమని తేలిందో, నువ్వు జైలుకీ, నీ టోటో బ్యాంకోళ్లకీ, వసంతా పిల్లలూ ఎక్కడికో ఆ ప్రభువుకే తెలుసు.

మేదినీపూర్ కోర్టు వకీలు బాబు మంచోడే. కానీ మంచోళ్లకీ ఫీజుంటాది కదా. అందికని కోతపండగ ముందర మా కమిటీ సెక్రటరీ జాన్ పాల్ కాడికెల్లినాను. "వేలం డబ్బులు ఈ యేడు నూకరాజు కేసుకి ఇవ్వండి" అన్నాను. జాన్ పాల్ సంగతి తెలుసు కదా నీకు. రిటైరైనా స్టేషను మాస్టరు పోలేదు ఆడిలోంచి. పచ్చజెండా లేనిదే పక్కింటికి కూడా ఎల్లడు. "ఆలిసక్కా, దేవుడి డబ్బు కోర్టుకెలా పెడతాం? పైగా ఆ పిల్లడు మన సంఘం కాదు" అన్నాడు.

మరేం లే, కళ్లెర్రజెయ్యకు. నేనూ ఎర్రజేసినాను. "ఏటి జాన్ పాలూ, నీ మోకాళ్లు పట్టేసినప్పుడు ప్రతి ఆదివారం చర్చికి తెచ్చి దింపిందెవరు? సంఘం టోటోయా?" అన్నాను. కాసేపు మీసం దువ్వుకున్నాడు. ఆకరికి, "ఒక్క వస్తువు. ఆకర్న. దాని డబ్బులు నీ ఇష్టం" అన్నాడు.

ఒక్కటంటే ఒక్కటే. నేను మాట తప్పలేదు రా!

సాలువా వేపునించి ఎవులో తెచ్చినారు గుమ్మడికాయ. పోలీసు క్యాంపు పక్క మడిలో కాసినదంట. చంటిపిల్లంత ఉన్నాది. అది సాలనుకున్నాను. షామియానా కింద అన్నీ అమ్మేసినాక, ఆకర్న దాన్ని బల్లమీద పెట్టి, "ఇది మన నూకరాజు దవడ కోసం" అన్నాను. ఒక్క సెయ్యీ లేవలేదు. వెనకాల సూస్తే ఎందుకో తెలిసింది. మేజోబాబు నిలబడి ఉన్నాడు. అదే, థానాలో పెద్దబాబు తరవాతాయన, నా కేసు సూస్తన్నోడు. మఫ్టీలో వొచ్చినాడు, సంకలో హెల్మెట్టు. మేం ఏటి మాటాడుకుంటన్నామో ఇనడానికన్నమాట. ఆ బూట్లు సూస్తే సాలు, పసిపిల్లలక్కూడా తెలిసిపోద్ది.

అయినా మన కాలేజీ పిల్లలున్నారు కదా, తెలంగాణా నించి ఇంజనీరింగు సదవడానికొచ్చినోళ్లు. ఆళ్లకి పోలీసు భయం ఇంకా పూర్తిగా తెలీదు. ఒకడు సెయ్యెత్తినాడు. పాడుకున్నాడు. డబ్బులు ఫోన్లో కొట్టేసినాడు. "హాస్టల్లో గుమ్మడికాయ ఏం చేసుకుంటా ఆంటీ, మళ్లీ పాడండి" అని తిరిగి బల్లమీద పెట్టేసినాడు.

మా చర్చిలో అది మామూలే గదా. పాడుకున్నది మళ్లీ దేవుడికిచ్చేస్తే మళ్లీ పాటే. జాన్ పాల్ లేచి, "అక్కా, ఒక్క వస్తువన్నాను" అన్నాడు. "ఒక్కటే కదా బాబూ, ఇదిగో, రెండోది కనపడతందా నీకు?" అన్నాను. ఇంక సూడు! కొన్నోడు కొన్నట్టే తిరిగిచ్చేస్తన్నాడు. నర్సమ్మలు పాడినారు, వర్క్‌షాపోళ్లు పాడినారు, మీ టోటో యూనియను గోడవతల నించి పాడింది. నన్ను పీనాసి అనే మా పక్కింటి ఏంజలిన్ కూడా పాడింది, తరవాత అలా సేసినందుకు ఏడిసిందనుకో. ఆ కాయ బల్ల దిగలేదు.

మేజోబాబుకి ఓపిక సచ్చిపోయింది. వెనకనించి, "బంద్ కొరో!" అని, ఆపెయ్యమని సెయ్యి పైకెత్తినాడు.

అంతే. సెయ్యెత్తినాడా లేదా? మా వేలంలో ఎత్తిన సెయ్యి దింపడం ఉండదు. నేను ఊపిరి కూడా తీసుకోలేదు. "పోలీసు బాబుగారి పాట! అందరికన్నా ఎక్కువ! ఏక్ బార్, దో బార్, తీన్ బార్!" కర్ర దిగిపోయింది. సప్పట్లు సూడాలి! ఆయన ఏదో అనబోయినాడు. సుట్టూ సూసుకున్నాడు. నూకరాజూ, అక్కడున్న ప్రతి మనిషీ ఫోను పట్టుకుని ఆయన్నే వీడియో తీస్తన్నారు. ముసలమ్మలతో సహా! ఎంతమందిని పట్టుకెల్తాడు? జీపులు సాలవు.

పర్సు తీసినాడు. ఇచ్చినాడు. తిరిగివ్వలేదు గానీ, పట్టుకుపోయినాడు కాయని. మోటారు సైకిలు ముందర పెట్టుకుని పోతంటే, నీ మీదొట్టు, నెలలు నిండినట్టే ఉన్నాడు.

నవ్వకు, నవ్వకు! తీగలు లాగుతాయి. పోనీ కళ్లతో నవ్వు. ఆ, అలగ.

వకీలు ఫీజు వొచ్చేసింది. సోమవారం కోర్టు. ఈ వీడియో నేనే తీసినాను, జరిగింది జరిగినట్టే ఉంది అని జడ్జీ ముందర నా నోటితో నేను సెప్పాలంట. వకీలు బాబు పిన్నిని పిలిసినట్టు, "మాసిమా, మీరు థానాలో సంతకం పెట్టని మనిషి, మీకేం భయం" అన్నాడు. అందరూ అదే మాట. ఆలిసు సంతకం పెట్టలేదు, ఆలిసు ఆడపులి. దానికేరా జనం డబ్బులిచ్చింది, గుమ్మడికాయకి కాదు.

పోయేముందు మేజోబాబు కాయ అందుకోడానికి బల్లకాడికొచ్చినాడు. వొంగి నా సెవిలో, నవ్వుతా, "మాసిమా, కలమ్ లాగ్బే?" అన్నాడు. పెన్ను కావాలా అని. ఏటన్నాడని అందరూ అడిగినారు. కూరెలా వొండాలో అడిగినాడని సెప్పినాను.

నీకు మాత్రం సెప్తాను. అందికే వసంత లేనప్పుడొచ్చినాను.

ఆ రోజు థానాలో నా ముందర కాయితం పెట్టినాడు ఆయన. ఎవులో డబ్బిస్తే ఈ వీడియో తీసినాను, పోలీసులు ఎవుర్నీ కొట్టలేదు, సెమించండి అని. సంతకం పెడితే ఇంటికెల్లిపోవచ్చన్నాడు. లోపలెవుర్నో కొడతంటే ఇనపడతంది.   నాకింట్లో ఎవులున్నారు? పెన్షను ఆగిపోద్దేమో, ఈ వయసులో జైలేటి అని భయపడినాను రా. నీ దవడ గురించి ఆలోసించినానా అంటే, ఆలోసించినాను. ఆలోసించే పెన్ను అడిగినాను.

అవును. నేనే అడిగినాను.

ఆయన జేబులోది ఇచ్చినాడు. గీసినాను. పడలేదు. సిరా ఎండిపోయింది. ఇంకోటి తేవడానికి ఆయన లోపలికెల్లినాడు. అదే టయానికి జాన్ పాలూ, వకీలూ తలుపు తోసుకొని వొచ్చినారు. నేను కాయితం అవతలికి తోసి సేతులు కట్టుకున్నాను. అంతే నూకరాజూ, ఆడపులి. ఇంకో పెన్ను బేగి దొరికుంటే నువ్వీపాటికి జైల్లో జావ తాగుతుండేవోడివి.

సూడు, గోడేపు తిరిగిపోకు. తిరిగితే తిరిగినావులే. నీ కోపం నీది, నేనేటి అనగలను. ఏడుస్తన్నావా? నేనేం ఏడవడం లేదు, జావ ఆవిరి కళ్లలో పడింది.

ఒక్కటి సెప్తాను ఇను. జామీనుకి నువ్వు కూడా కోర్టుకి రావాలి కదా సోమవారం. వొచ్చి ముందు బల్లమీద కూకో. నాకెదురుగా. ఆ కట్టు అలాగే ఉంచుకో, తువ్వాలు కప్పకు. నేను నీ మొహంకేసే సూస్తా సెప్తాను. పొరపాట్న ఆ మేజోబాబుకేసి సూసినాననుకో, నన్ను నేను నమ్మను రా, మళ్లీ పెన్నడిగేస్తాను.