కట్టు ఊడిన నిద్ర

మందమర్రిలోని ఒక ప్రైవేటు దవాఖానాలో, మెడ కమిలిన భార్యను బయట కూర్చోబెట్టి, బొగ్గుగని కార్మికుడు డాక్టరు ముందు నిలబడ్డాడు.

“నిద్రల మా ఇంటామె మెడ వట్టి గుంజిన సార్. కలల గని కప్పు కూలుతుంటే బామ్మర్దిని బయటికి లాగుతున్ననుకున్న.”

“కలలొచ్చే నిద్ర మొదలుకాంగనే మెదడు ఒళ్లును కట్టేస్తది. నీకు గా కట్టు ఊడింది. గోలీలు రాస్త. అందాక నువ్వు వేరే పండుకో.”

“వేరేనే పండుకుంటున్న సార్. ఆమెనే వచ్చి నా పక్కల పంటది.”

“పానం మీదికి వస్తదని ఆమెకు ఎరుకలేదా?”

“ఎరుకే. నిజంగ కప్పు కూలిన్నాడు నా కాళ్లు కదలలే సార్. బామ్మర్ది బండ కిందనే పోయిండు.”

“గోలీలు మింగితే కల వచ్చినా ఒళ్లు కదలది.”

“గందుకే ఆమె గోలీలు వద్దంటది సార్. రోజు నా పక్కల పండుకుంట, ‘కలలనన్న మా తమ్మున్ని బయటికి గుంజు’ అంటది.”