సుంకవ్వ కుక్క మెడపట్టె
సుంకవ్వ అని ఒకామె ఉండె అనుకోండ్రి. మొగడు సచ్చిండు, పిల్లల్లేరు, ముప్పై గొర్లు, ఒక కుక్క, గంతే. ఆ కుక్కను గూడ తోడేలు మెడవట్టి సంపిందంట. తోడేలు ఎప్పుడు జూడు మెడనే పడ్తది, మీకెరికేగద. అందుకని ఏంజేసిందంటే, అయిదు నెలల పిల్లకుక్కను ఇంకొకదాన్ని తెచ్చుకొని, చెప్పులు కుట్టే ఎల్లయ్య దగ్గరికి వోయి, తమ్మీ, దీనికి మొలలు గొట్టిన తోలుపట్టె ఒకటి కుట్టియ్యి, తోడేలు నోరు వెట్టకుంట ఉండాలె అన్నదంట. ఆయన కుట్టిచ్చి, "అక్కా, పిల్ల పెరుగుతది, పట్టె పెరగదు. ఏడు బెజ్జాలు వెట్టిన. నెలకొక బెజ్జం ఒదులు చేసుకుంట పో" అన్నడు. మంచిగనే చెప్పిండు. ఆమె మంచిగనే ఇన్నది. ఇన్నది గని, సక్కగ ఇంటికి పోక బీరప్ప గుడికాడికి పోయింది. గద్దె ముందల పట్టె కట్టి, "అయ్యా, మళ్ల నీ పండుగ దాక ఈ కట్టు ఇప్పను. నా కుక్కను తోడేలు ముట్టొద్దు" అని మొక్కింది. పండుగ ఇంక యాడాదికి. బెజ్జం మార్చుకుంటే మొక్కు తప్పినట్టా అని మీరడుగుతరు. ఏమో, ఆమెకు గూడ తెల్వది. తెల్వకనే భయపడ్డది.

నొసట తెల్లమచ్చ ఉంటదని దానికి బొట్టుగాడు అని పేరు వెట్టిందంట. ఎంత మంచిగ సాకిందనుకున్నరు. తను తినక ముందే దానికి జొన్నగటక పోసేది. చెవులల్ల, కాళ్ల సందుల్ల పిడుదులు ఏరేది, ముల్లు ఇరిగితే తీసేది. ఒక్క మెడ తప్ప ఒళ్లంత ముట్టేది. మెడ మీద దేవుని కట్టున్నది గద, ఆడ చెయ్యి వెట్టకపోయేది. కుక్క పెరిగింది, మెడచుట్టు కంబళిలెక్క బొచ్చు పెరిగింది, పట్టె బొచ్చుల కనవడకుంట పోయింది. కొన్నాళ్లకు ఏమైందంటే, గటక వోస్తే మూతి వెట్టి ఇడిశిపెడ్తది. నీళ్లు నోట్లకు తీసుకుంటది, మింగలేక కక్కుతది. సొల్లు కారుతది. మొరుగుదామంటే గొంతు లేవదు. ఊకె వచ్చి ఆమె చేతి కిందికి మెడ దూర్చేదంట. గారాలు పోతున్నవారా అని ఆమె చెయ్యి తీసుకునేది. పాపం, అది చెప్తనే ఉన్నది, చూడండ్రి.

ఊర్ల రాజేశం అని పెద్దమనిషి ఒకడు చూసిండు. "సొల్లు కారవట్టె, నీళ్లు మింగకపాయె, గొంతు మారవట్టె. ఇంక అనుమానమేంది వదినె, పిచ్చి లేసింది. పిల్లలు తిరిగే ఊరు, నీ కుక్క, నీ మాట" అన్నడు. సుంకవ్వ పొద్దంత ఏడ్సింది. ఏడ్సి, సంపుతే సంపుకోండ్రి అన్నది. ఊరోళ్లు కట్టెలు వట్టుకొని పోతే అది దొరుకుతలేదు, గొర్ల మందల దూరుతున్నది. నువ్వే పిలువు అన్నరు. పిలిచింది. తోక ఊపుకుంట వచ్చి ఆమె ఒళ్లె మెడ వెట్టింది. పిచ్చిలేసిన కుక్క పిలిస్తే గట్ల వస్తదా? ఆ మాట ఆడ ఒక్కరికి తట్టలే. ఆమె కొంగు దులుపుకొని లేసి మొకం తిప్పుకున్నది. వాళ్లు కొట్టిండ్రు.

అంగడికి పోయిన ఎల్లయ్య అప్పుడొచ్చిండు. బొందవెట్టే ముందల దేవుని పట్టె తియ్యాలె గద అని, చేతికి గుడ్డ చుట్టుకొని కొక్కెం కోసం దేవులాడిండు. దొరకలే. బొచ్చు పాయ తీసి చూస్తే పట్టె లేదు, మాంసమే ఉన్నది. పట్టె లోపటికి పోయి పైకెల్లి మాంసం పెరిగింది, చుట్టు పురుగులు. కత్తితోటి కోసి తీసి, సుంకవ్వ ముందల పట్టిండు. "అక్కా, దీనికి పిచ్చి లేదు. పట్టెనే గొంతు వట్టేసింది. ఇది ఇంక మొదటి బెజ్జంలనే ఉన్నది" అన్నడు. సుంకవ్వ ఆ బెజ్జాల మీద వేలు వెట్టి ఒక్కొక్కటి ముట్టుకుంట పోయిందంట. ఆరు బెజ్జాలు కొత్తగనే ఉన్నయి. "నాకు మెడ సూపెట్టవడ్తివి కొడుకా, నేను చెయ్యి తీస్తి" అన్నది.

తోడేలైతే ముట్టలే. మొక్కు చెల్లింది అనుకోండ్రి. మరి బీరప్ప ఏమన్నడు అంటరా? ఆయనను ఎవలడిగిండ్రు? పట్టె కుట్టిన మనిషి ఊర్లనే ఉండె, ఆయననే ఒక్క మాట అడగలేకపాయె. అప్పటిసంది మా దిక్కు కుక్క ఉన్న ఇంట్ల, ముద్ద నోట్ల వెట్టే ముందు దాని పట్టె కింద రెండు వేళ్లు దూర్చి చూస్తరు. వేళ్లు దూరకపోతే ఆ పూట పట్టె ఒదులు చేసినంకనే అన్నం. మీ ఇండ్లల్ల గూడ కుక్కలున్నయి గద, నా మొకం ఏం చూస్తరు, పోయి వాటి మెడలు చూడండ్రి.