నేను కొట్టని గంట

ఇదేం పని వదినా? చెంచా కాడతోనా నేను డిజైన్ చేసిన డబ్బా మూత తీసేది? ఉండుండు, ఇప్పుడు దాచి ఏం లాభం? గుమ్మంలోనే నిలబడి చూశాను, ఇంకా చెప్పులు కూడా విప్పలేదు.

మరి "ఎలా ఉంది వదినా" అని అడిగినప్పుడల్లా "బ్రహ్మాండం, ఒక్క వేలితో వచ్చేస్తోంది" అన్నావే! నీ మాట పట్టుకుని ఆఫీసులో ఎన్ని గొప్పలు పోయానో తెలుసా?

నవ్వకు. రేపు పొద్దున్న ఈ మూతలు పోతపోసే అచ్చుకి ఆర్డరిచ్చేస్తున్నాం. అచ్చంటే ఉక్కు తల్లీ, మైనం కాదు. ఒకసారి కోశాక మూతని పట్టి ఉంచే ఆ కొక్కెం వెంట్రుకవాసి కూడా జరగదు. ఇంక ప్రతి వంటింట్లోనూ చెంచాలు పట్టుకుని నన్ను తిట్టుకుంటారు.

ఏంటీ? నేను నొచ్చుకుంటాననా? ఖర్మ! కొంప ముంచే ప్రేమ అంటే ఇదే.

అయినా నిన్ను అని ఏం లాభంలే. మా డిజైన్ పిల్లలకి పొద్దస్తమానం నేను చేసే బోధేంటి? "బాగుందా అని అడగొద్దు. వస్తువు చేతికిచ్చి, నోరు మూసుకుని, వాళ్ల వేళ్లు చూడండి" అని. తీరా నేను చేసిందేంటి? సొంత వదినకిచ్చి, సోఫాలో కూర్చుని టీ తాగుతూ, బాగుందా అని అడిగాను!

మా ఆఫీసులో గంట సంగతి చెప్పాను కదా? ఎవరి ప్రయోగం బెడిసికొడితే వాళ్లొచ్చి ఆ గంట కొట్టి, ఏం తెలుసుకున్నారో చెప్పాలి. మిగతావాళ్లం చప్పట్లు కొడతాం. పెట్టించింది నేనే. మొదట్లో ఒక్కరూ దాని దగ్గరికి రాలేదు, ఉద్యోగం ఊడుతుందని భయం. చివరికి ప్యాకింగ్ పెద్దాయన కొట్టాడు. థర్మాకోల్ మానేసి కాగితం చుడితే డబ్బాలన్నీ సొట్టలు పోయాయట. చప్పట్లతో హాలు మోగిపోయిందనుకో! ఆయన మొహం చూడాలి అప్పుడు. ఆ తర్వాత అందరికీ ధైర్యమొచ్చింది. మా బాసు కూడా సిగ్గుపడుతూ కొట్టాడు.

నేనా? నేను... చప్పట్లు కొట్టేదాన్ని. గట్టిగానే కొట్టేదాన్ని.

మొన్న ఆ పెద్దాయనే అడిగాడు, "మీ ప్రయోగాలన్నీ నెగ్గుతాయామ్మా?" అని. ఎగతాళి కాదు వదినా, పాపం నిజంగానే అడిగాడు. నవ్వేసి తప్పించుకున్నాను.

ఆ మూతంటే నాకు ప్రాణం. ఆ వంపు గీసి, చెరిపి, గీసి, నిద్రలో కూడా అదే. ఇప్పుడది పనికిరాదని అంతమందిలో నా నోటితో నేనే చెప్పాలి. చెప్పకుండా ఆర్డరిచ్చేశాననుకో, రేపోమాపో తెలుస్తుంది. ఇంక ఆ గంట ఎవరు ముట్టుకుంటారు? ఎవరి తప్పు వాళ్లు కొంగు చాటున దాచుకుంటారు, ఇందాక నువ్వు చెంచా దాచినట్టు.

ఏంటలా చూస్తావు? నా బ్యాగులో చెంచానా? అది... ఊరికే. పెరుగు తినడానికి.

సరే, నీ దగ్గర దాపరికమేంటి. నేనూ చెంచాతోనే తీస్తున్నాను వదినా. మొదటి రోజు నుంచీ. ఆఫీసులో భోజనాలప్పుడు అందరూ చేతులు కడుక్కోడానికి లేచాక, బల్ల కింద పెట్టుకుని.

ఏదీ, నీ చెంచా ఇలా ఇవ్వు. నాది వంగిపోయింది. రేపు గంట దీంతోనే కొడతాను.