గడువు తీరకముందే

ఆళ్లగడ్డ దగ్గర మిరప చేను. క్యాన్సరుకు హైదరాబాదులో రేడియేషన్ మందున్న రెండో ఇంజక్షను వేయించుకొచ్చిన సంజీవయ్య మోటారు కొట్టంలో ఒంటరిగా ఉంటున్నాడు. కొడుకు రాజశేఖర్ చంటిబిడ్డతో గట్టు మీదికి వచ్చాడు.

“ఆడ్నే నిలబడ్రా! పసిబిడ్డను ఎత్తుకొని యాడికొస్తాండావ్?”

“నీ కాడికే నాయనా.”

“బుద్ధుండాదా నీకు? నా ఒంట్లో మందుండాది. గడువు తీరేదాకా పిల్లోల్ల పక్కకు పోవద్దని డాక్టరు నీ ముందరే చెప్పె కదా!”

“చెప్పినాడు. ఇప్పుడు ఎత్తుకోవచ్చంట.”

“అప్పుడే ఎట్లరా? పోయినసారి ఎన్ని దినాలు పెట్టినాడు! నీ పెండ్లాం వినీత నా కంచం వేరే పెట్టె, గుడ్డలు వేరే ఉతికె. నేనేమన్నా అనుకున్నానా?”

“అవన్నీ ఇప్పుడెందుకు నాయనా?”

“ఎందుకేంది? మందు కొట్టిన చేన్లోకి బిడ్డను దింపుతామా? ఇదీ అంతే. మందు ఘాటుగా ఉంటేనే పురుగు సచ్చేది. ఇంజక్షను ఏసినాక మిషన్లో పండబెట్టి, మందు యాడ ఎంత నిలిచిందో కొలిచినారు కదా, డాక్టరు ఫోన్ చేసినాడా?”

“చేసినాడు.”

“ఏమన్నాడు?”

“బిడ్డను ఎత్తుకోమన్నాడు.”

“నేనడిగింది అది కాదు. కొలత ఎంతొచ్చె?”

“ముందు ఎత్తుకో నాయనా. చూడు, దీపిక నిన్నే చూస్తాంది.”

“చూడనీ. పుట్టినప్పట్నుంచి దూరం నుంచే చూస్తాండా, ఇంకొన్ని దినాలు ఓర్చుకోలేనా? ఇంతకీ బిడ్డను తెచ్చినావని వినీతకు తెలుసా?”

“ఆమే పంపించింది.”

“వినీతా? నేను తాగిన గ్లాసు కూడా ముట్టని మనిషి, బిడ్డను పంపించిందా? రేయ్ శేఖరా... నా మొగం చూడు. ఏడుస్తాండావా?”

“ఏం చెప్పమంటావ్ నాయనా! పోయినసారి మందు గడ్డల్లో నిలిచింది. ఈసారి గడ్డలు పట్టుకోనే లేదంట. అంతా ఉచ్చలో పోయిందంట. ఇంకో ఇంజక్షను ఏసినా దండగే అన్నాడు.”

“అంటే... మందు కొట్టినాక వాన పడె.”

“ఊ.”

“మరి ఇన్నాళ్లూ ఈ కొట్టంలో దేనికి దాక్కున్నానురా నేను?”

“మాకు మాత్రం ఏం తెలుసు నాయనా!”

“సరేలే. నేనంటే ఇంక బిడ్డకూ భయం లేదు, గడ్డకూ భయం లేదు. తే, ఇటియ్యి.”